సర్కారు సొమ్ము, సంబరం చందా
గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం



గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరున మాట్లాడమంటే వాడుక భాష గురించి మాట్లాడతారని అందరూ అనుకుంటారు. ఆ పోరాటం గురించి చెప్పగలవారు నాకంటే సమర్థులు చాలామంది ఉన్నారు. నేను మాట్లాడబోయేది డబ్బు సంగతి. స్థానిక కళలకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఎలా వస్తోంది, ఎవరికి చేరుతోంది, ఎవరికి చేరాలి అన్నదే ఇవాళ్టి విషయం. పంతులుగారికీ దీనికీ ఏమిటి సంబంధం అంటారేమో, కాసేపట్లో అక్కడికే వస్తాను.

నా మాట ముందే చెప్పేస్తాను. మన శ్రీకాకుళం జిల్లా తీరంలో సర్కారు సొమ్ము ఆటాడే ఒక్క పూటకు కొంత వెళుతోంది, ఆట మానేసిన ముసలితనానికి కొంత వెళుతోంది. ఈ రెంటికీ ముందు నేర్చుకునే వయసు ఒకటుంది. దాన్ని పట్టించుకునే పద్దు మన ఊళ్ల దాకా రావడం లేదు. పద్దు ఎంత పెంచినా అది నేర్పేవాడికీ నేర్చుకునేవాడికీ చేరకపోతే ఫలితం ఉండదు.

మనకున్న ఆస్తి

ఉద్దానం అంటే బయటివాళ్లకు కొబ్బరి, జీడిమామిడి, పనస గుర్తొస్తాయి. ఈ మధ్య కిడ్నీ జబ్బు, 2018 అక్టోబరు 11న వజ్రపుకొత్తూరు ప్రాంతంలో తీరం దాటిన తిత్లీ తుపాను కూడా ఆ జాబితాలో చేరాయి. కళల పేరెత్తితే మన వైపు వేలు చూపించేవాళ్లు తక్కువ. కానీ అమ్మవారి సంబరం నాటి రాత్రి మన ఊరి వీధిలో నిలబడ్డవాడికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

తప్పెటగుళ్లు చూడండి. రొమ్ము మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలు, ఒంటికి రంగు బనియను, నిక్కరు వేసుకుని పదిహేను ఇరవై మంది ఒక్క దెబ్బకు కదులుతారు. పాట నడుస్తుండగానే వంగుతారు, ఎగురుతారు, చివరకు మనిషి మీద మనిషి ఎక్కి గోపురం కడతారు. యాదవ కులస్థులు గంగమ్మ పేరు తలచి, వానలు కోరి తరతరాలుగా ఆడుతున్న ఆట ఇది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలు దాటితే కనిపించదు. దీనికి ముఖ్యంగా కావలసింది ఊపిరి. పాడుతూ గెంతే ఊపిరి పదిహేనేళ్ల వయసులో పట్టుబడాలి. ముప్ఫయ్యో ఏట మొదలుపెడితే రాదు.

జముకుల కథ వేరే దారి. డొల్లగా ఉండే వాయిద్యానికి ఒక పక్క తోలు మూసి, దాని నడుమ నుంచి నరం లాగి, ఆ నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటుతారు. ముగ్గురుంటే కథ నడుస్తుంది. ప్రధాన కథకుడు కథ చెబుతుంటే పక్కవాళ్లు జముకుతో వంత పాడతారు. అమ్మవారి కథలు, పేరంటాళ్ల కథలు రాత్రంతా చెప్పగలిగే జ్ఞాపకం అందులో ఉంది. తోలు ఎంత బిగించాలో, నరం ఎక్కడ వదలాలో పుస్తకంలో రాసి చెప్పలేం. గురువు పక్కన కూర్చుని చెయ్యి పట్టించుకోవాలి.

మద్దెల గట్టిగా మోగే తూర్పు భాగోతం ఉంది. పద్యనాటకం ఉంది. హార్మోనియం శ్రుతి అందుకోగానే కాటిసీను పద్యం జనం నోటి నుంచి ముందే వచ్చే జిల్లా మనది. హరిశ్చంద్ర పాత్రతో పేరు తెచ్చుకున్న మందరాడ యడ్ల గోపాలరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. డప్పు, సన్నాయి, పులివేషం, కోలాటం, చెక్కభజన సరేసరి. కొండ మీద సవరల ఇంటి గోడల మీద పూజ కోసం గీసే బొమ్మలు ఇప్పుడు గుడ్డ మీదకూ అట్ట మీదకూ దిగి అమ్ముడవుతున్నాయి. సారవకోట మండలం బుడితిలో కంచు, ఇత్తడి పని చేసే కుటుంబాలున్నాయి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ గంజాం జిల్లాలోవే. సరిహద్దు గీత గీశారు గానీ పాట ఆ గీత దగ్గర ఆగలేదు. మన ఊళ్లలో ఒరియా మాట్లాడే ఇళ్లున్నాయి, అవతల తెలుగు మాట్లాడే ఊళ్లున్నాయి. కాగితాల్లో మాత్రం మనం తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం కిందికి వస్తాం. అవతలి గంజాం కలకత్తాలోని తూర్పు మండల కేంద్రం కిందికి వెళుతుంది. పలాస నుంచి చూస్తే కలకత్తాయే దగ్గర. ఒకే పాట పాడే రెండు ఊళ్లు సాయం కోసం ఒకటి దక్షిణానికి, ఒకటి ఉత్తరానికి అర్జీ పెట్టుకోవాలి.

ఇదివరకు ఎవరు పోషించారు

మందస, టెక్కలి, పర్లాకిమిడి సంస్థానాల కాలంలో పోషణ భూమి రూపంలో ఉండేది. గుడిలో సన్నాయి ఊదేవాడికి, ఊరి పండుగలో డప్పు కొట్టేవాడికి మాన్యం ఉండేది. దాని వెనుక వెట్టి ఉంది, కులం ఉంది, దొరగారి దయ మీద బతకడం ఉంది. ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరను. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం, 1956 ఇనాముల రద్దు చట్టం రావలసినవే. వచ్చాయి, మంచిదైంది. అయితే మాన్యంలో ఒక గుణం ఉండేది. అది ఏటా పండేది. కొడుక్కి చెయ్యి తిప్పడం నేర్పితే ఆ మాన్యం కొడుక్కీ ఉంటుందన్న భరోసా ఉండేది. భూమి దున్నేవాడి సంగతి చూసిన చట్టాలు ఆ భరోసా స్థానంలో ఏం పెట్టాలో చూడలేదు.

రెండో పోషకుడు ఊరు. సంబరానికి ఇంటింటికీ చందా వేసుకుని, పెద్దలు వెళ్లి మేళానికి తాంబూలం, బయానా ఇచ్చి, వచ్చినవాళ్లకు ఇళ్లలో భోజనాలు పెట్టే పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఈ సభలో ఉన్న బృంద నాయకులను అడగండి. ఏడాదిలో వచ్చే పిలుపుల్లో సర్కారువి ఎన్ని, ఊళ్లవి ఎన్ని అని. జవాబు నాకు తెలుసు, మీకూ తెలుసు. ఏ పథకంలోనూ పేరులేని ఈ చందాయే మన కళలను ఇంతదాకా మోసుకొచ్చింది.

కానీ చందా మారుతోంది. డీజే పెట్టెలకు, రికార్డింగ్ డ్యాన్సుకు పోయే వాటా పెరిగింది. కుర్రాళ్లు హైదరాబాదులో కట్టుబడి పనికి, గుజరాత్‌లోని వెరావల్ రేవులో వేట పడవల మీదికి, గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. 2018 నవంబరులో మన ఉత్తరాంధ్ర జాలర్లు పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరిలో గానీ విడుదల కాలేదంటే ఇక్కడివాళ్లు కూటి కోసం ఎంత దూరం వెళుతున్నారో అర్థమవుతుంది. తప్పెటగుళ్లకు ఇరవై మంది కావాలి. ఆ ఇరవై మంది ఊళ్లో ఉండేది సంక్రాంతికి నాలుగు రోజులు, సంబరానికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో ఆడొచ్చు గానీ నేర్చుకోలేం.

మూడో రకం పోషణ ఒకటుంది. 1919లో విజయనగరం సంస్థానాధీశుడు విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టాడు. కళ్లు లేని ఒక కుర్రవాడికి సంగీతం నేర్పించాలన్న కోరిక దానికి మూలమని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడ నేర్పారు. ఘంటసాల అక్కడ నేర్చుకున్నారు. దొరలు ఇచ్చిన సన్మానాలు, తొడిగిన కంకణాలు ఎన్నో ఉండి ఉంటాయి. వాటిలో ఏవి మిగిలాయో ఎవరూ చెప్పలేరు. కళాశాల మిగిలింది, ప్రభుత్వం చేతికి వచ్చి ఇప్పటికీ నడుస్తోంది.

సర్కారు ముందు కర్రతో వచ్చింది

కళల దగ్గరకు ప్రభుత్వం మొదట డబ్బు పట్టుకుని రాలేదు. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం ఏ ఆట ఆడాలో, ఏది ఆపాలో చెప్పే అధికారాన్ని తెల్లదొరల చేతిలో పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ చట్టం పుస్తకాల్లో ఉండిపోయి 2018లో గానీ పోలేదు. ప్రజానాట్యమండలి బుర్రకథల మీద, 1947లో వచ్చిన మాభూమి నాటకం మీద మద్రాసు ప్రభుత్వం నిషేధం పెట్టింది. మన దగ్గరైతే పలాస పక్కన బొడ్డపాడులో గుడి అర్చకుడు సుబ్బారావు పాణిగ్రాహి అమ్మవారి కథలు చెప్పే జముకును రైతుకూలీల కథకు పట్టించాడు. 1969 డిసెంబరులో ఆయన పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆయన రాజకీయాలను ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. జముకు ఊరి మనసును ఎంతగా కదిలిస్తుందో అప్పటి సర్కారుకు బాగా తెలుసు అన్నది మాత్రం కాదనలేం. తర్వాత పార్వతీపురం వైపు నుంచి వంగపండు ప్రసాదరావు అదే జానపద బాణీలతో రాష్ట్రమంతా తిరిగాడు. 2020 ఆగస్టు 4న పోయేదాకా పాడుతూనే ఉన్నాడు. ఈ రెండు గొంతులనూ తయారుచేసింది ఏ గ్రాంటూ కాదు.

కర్ర పక్కన పెట్టాక కూలి వచ్చింది. కేంద్రం 1954లో పాటలు, నాటకాల విభాగం పెట్టి పంచవర్ష ప్రణాళికలను, కుటుంబ నియంత్రణను బుర్రకథల్లో చెప్పించింది. తెలంగాణలో 2014లో సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు నెలజీతం ఇచ్చారు. కళాకారుడికి నెలజీతం అన్నది చిన్న విషయం కాదు, ఆ గౌరవాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ వాళ్లు ఎక్కువగా పాడవలసి వచ్చింది పథకాల పాటలే. ప్రచారం చేయించుకుంటే కూలి ఇవ్వవలసిందే. ఆ కూలిని సంస్కృతి పద్దులో రాసుకోవడం మాత్రం సరైన లెక్క కాదు. అది సమాచార శాఖ ఖర్చు.

అకాడమీల కథ కూడా మనకు తెలిసిందే. 1957లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ వచ్చింది. 1983లో అకాడమీలన్నీ రద్దయ్యాయి. 1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం పుట్టి వాటి పనులు కొన్ని అందుకుంది. 1998లో నంది నాటకోత్సవాలు మొదలయ్యాయి. రాష్ట్రం విడిపోయాక మళ్లీ అకాడమీలు వచ్చాయి. బోర్డులు మారాయి, అధ్యక్షులు మారారు. ఇంత మార్పులో కూచిపూడికి ఒక అదృష్టం పట్టింది. 1957లోనే ఆ ఊళ్లో సిద్ధేంద్ర కళాక్షేత్రం వచ్చింది, తర్వాత విశ్వవిద్యాలయం దాన్ని నడిపింది. మన తూర్పు భాగోతంలోనూ భామాకలాపం ఉంది, మన మద్దెలకూ శాస్త్రం ఉంది. కానీ దానికి అంతటి బడి దొరకలేదు. ఈ రెండు కలాపాల భవిష్యత్తు వేరవడానికి అదొక ముఖ్య కారణం.

ఇవాళ అందుతున్నది

ఇప్పుడు అందుతున్న సాయాన్ని రెండు మాటల్లో చెప్పొచ్చు: ప్రోగ్రాం, పింఛను.

ప్రోగ్రాం అంటే ఉత్సవంలో ఒక సాయంత్రం. 2025లో అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగగా జరిపారు. సంతోషం. జిల్లా కళలకు అలాంటి వేదికలు కావాలి. కానీ వేదిక మీద ఏం జరుగుతుందో చూడండి. రాత్రంతా చెప్పే కథను పావుగంటలో ముగించమంటారు. పెద్దల ప్రసంగాలు సాగితే ఆ పావుగంట పది నిమిషాలవుతుంది. శాలువా కప్పుతారు, జ్ఞాపిక ఇస్తారు, ఫొటో తీస్తారు. డబ్బు తర్వాత ఎప్పుడో ఖాతాలో పడుతుంది. పది నిమిషాల ఆట పదేపదే ఆడిన బృందం కొన్నాళ్లకు పది నిమిషాల ఆటే నేర్చుకుంటుంది. మిగతా రాత్రి మరుగున పడుతుంది. డబ్బు కళను ఇలా కూడా కత్తిరిస్తుంది.

పింఛను సంగతి. ఎన్టీఆర్ భరోసా కింద 50 ఏళ్లు దాటిన డప్పు కళాకారులకు 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు వస్తోంది. కేంద్ర సంస్కృతి శాఖ 60 ఏళ్లు దాటిన పేద కళాకారులకు నెలకు 6,000 ఇచ్చే పథకం నడుపుతోంది. ఇవి ఉండి తీరాలి. ఊరి చావుకూ పెళ్లికీ డప్పు కొట్టినవాడి పనిని పింఛను జాబితాలో ఒక కళగా రాయడం చరిత్రలో పెద్ద మార్పు. మందుబిళ్లలకు, బియ్యానికి ఆ డబ్బు ఆసరా అవుతోంది. అయితే పింఛను మనిషిని నిలబెడుతుంది. ఆయన చేతిలోని విద్య ఆయనతోనే వెళ్లిపోతుంటే దాన్ని ఆపడం పింఛను పని కాదు. ఆ పని మనం దానికి అప్పగించనూ లేదు.

పంతులుగారు కోరింది

ఇక్కడికి గిడుగువారిని పిలుస్తాను. 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. సవరలు అక్కడ సంతకు వచ్చేవారు. వాళ్ల మాట ఎవరికీ పట్టలేదు. పంతులుగారు తెలుగు తెలిసిన సవర ఒకరిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. దానికి పుస్తకాలు రాశారు. సొంత జీతంలోంచి ఖర్చుపెట్టి సవర పిల్లలకు బడులు పెట్టి, అక్కడి ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. ఆ పుస్తకాలు చూసి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దన్నారు. ఆ డబ్బుతో సవరలకు మంచి బడి పెట్టి నడపమని కోరారు.

ఈ కథను త్యాగం కింద చెప్పుకుని దండం పెట్టి వదిలేయడం మనకు అలవాటు. నాకు ఇందులో త్యాగం కంటే లెక్క ఎక్కువ కనిపిస్తోంది. సర్కారు తన దగ్గరకు వచ్చి మెచ్చుకుంటే ఆయన ఆ మెప్పు ఖరీదును నేర్పే పనికి మళ్లించమన్నారు. సవర భాషకు తాను ఒక్కడే దిక్కుగా ఉండకూడదని ఆయనకు తెలుసు. ప్రభుత్వాన్ని దూరం పెట్టిన మనిషి కూడా కాదు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో అచ్చువేసింది మద్రాసు ప్రభుత్వమే. ఏ ఖర్చు ప్రభుత్వం చెయ్యాలో, ఏ సత్కారం అక్కర్లేదో ఆయన విడదీసి చూశారు.

ఈ జిల్లాలోనే ఇంకొకరు ఆ లెక్క వేశారు. కాళీపట్నం రామారావు మాస్టారు 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. పురస్కారాలుగా వచ్చిన సొమ్మును పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయం తెరిచారు. తెలుగు కథ మీద పని చేసే ప్రతివాడూ ఇవాళ అక్కడికి రావలసిందే.

జపాన్‌లో ఈ ఆలోచన చట్టంలోనే ఉంది. 1950 చట్టం కింద సంప్రదాయ కళల్లో నేర్పరులను గుర్తించి ఏడాదికి 20 లక్షల యెన్లు ఇస్తారు. విద్యను మెరుగుపరుచుకోవడానికి, తర్వాతి తరానికి అందించడానికి ఇచ్చే సొమ్ము అది. మన దేశంలోనూ అలాంటి పథకం ఉంది. గురుశిష్య పరంపర పేరుతో కేంద్రం నడిపే గ్రాంటులో గురువుకు నెలకు 15,000, శిష్యుడికి వయసును బట్టి 2,000 నుంచి 10,000 రూపాయల దాకా ఉంటుంది. పంతులుగారు కోరినదానికి ఇంతకంటే దగ్గరైన పథకం నాకు కనిపించలేదు. మరి మన తప్పెటగుళ్ల గురువు దాకా అది ఎందుకు రాదు?

గడప ఎత్తు

ఎందుకంటే అది సంస్థకు ఇచ్చే గ్రాంటు. ముందు సొసైటీగా రిజిస్టర్ కావాలి. రిజిస్టరై మూడేళ్లు నిండాలి. ఆడిట్ చేసిన లెక్కలు ఉండాలి. స్వచ్ఛంద సంస్థల దర్పణ్ పోర్టల్‌లో నంబరు ఉండాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఖర్చయ్యాక వినియోగ ధ్రువపత్రం (యూసీ) పంపాలి, అది పోకపోతే తర్వాతి విడత రాదు. పట్నంలో ఆఫీసు, గుమాస్తా ఉన్న నృత్య సంస్థకు ఇది మామూలు పని. పొద్దున జీడి పిక్కల బట్టీ దగ్గర పని చేసి సాయంత్రం తప్పెట కట్టే మనిషికి ఇది కొండ. ప్రజల సొమ్ముకు లెక్క అడగొద్దని నేను అనను. తీసుకునేవాడి తాహతును బట్టి లెక్క అడగాలంటాను. చదువుకున్న కొడుకుల్లేని గురువుకు ఆడిటరు ఫీజే ఒక నెల తిండి.

బ్రెజిల్‌లో 2004లో గాయకుడు గిల్బెర్టో జిల్ సాంస్కృతిక మంత్రిగా ఉన్నప్పుడు ఒక పని చేశారు. పేటల్లో, పల్లెల్లో అప్పటికే పని చేస్తున్న బృందాలను గుర్తించి, వాటికే కొన్నేళ్లపాటు నిధులిచ్చారు. ఆలోచన బాగుంది గానీ లెక్కల కాగితాల దగ్గర చిన్న బృందాలు చతికిలపడ్డాయి. దాంతో 2014లో చట్టం తెచ్చి లెక్క చెప్పే పద్ధతిని సులువు చేశారు. వాళ్లు పదేళ్లలో నేర్చుకున్న పాఠాన్ని మనం మొదటిరోజే వాడుకోవచ్చు.

మన దగ్గర ఆ గడప తగ్గించే సంస్థ కొత్తగా పెట్టక్కర్లేదు. 1960 పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. దానితో నడిచే శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి. ప్రతి మండలంలో జిల్లా పరిషత్ హైస్కూళ్లు ఉన్నాయి. వాటికి ఖాతా ఉంది, ఆడిట్ ఉంది, సాయంత్రం ఐదు తర్వాత ఖాళీగా ఉండే గది ఉంది. గురువు పేరున దరఖాస్తు, లెక్క ఆ గ్రంథపాలకుడో ప్రధానోపాధ్యాయుడో చూసుకుంటే గురువు తన పని తాను చూసుకుంటాడు.

మూడు ఎదురు ప్రశ్నలు

మొదటిది మన ప్రాంతంలో ఎవరైనా అడగవలసిన ప్రశ్న. మంచినీళ్లకు అంగలార్చిన చోట, ఇంటికొక కిడ్నీ రోగి ఉన్న ఊళ్లలో, తప్పెటలకు డబ్బేమిటి? 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆ రోజు కోసం ఈ తీరం ఎన్నేళ్లు అడిగిందో మీకు తెలుసు. నీళ్లు, డయాలసిస్ ముందు. అందులో వాదన లేదు. కానీ నేను అడుగుతున్నది ఆసుపత్రి పద్దులోంచి కాదు. ఇప్పటికే సంస్కృతి పేరున ఖర్చవుతున్న సొమ్ము లైట్లకు, టెంట్లకు, ఫ్లెక్సీలకు, శాలువాలకు పోతోంది. అందులో ఒక వాటా గురువు వైపు తిప్పమంటున్నాను.

రెండోది కళాకారుల్లోంచే వచ్చే ప్రశ్న. సర్కారు డబ్బు తీసుకుంటే సర్కారు పాటే పాడాలి కదా? ఆ భయం నిజమైనదే. ఈ నేల చరిత్ర తెలిసినవాళ్లకు అది ఇంకా ఎక్కువ. అందుకే సొమ్మంతా ఒక్క చేతి నుంచి రాకూడదంటాను. ఊరి చందా సగం, సర్కారు సగం ఉంటే గురువు ఇద్దరికీ జవాబు చెబుతాడు గానీ ఒకరికే లోబడడు.

మూడోది పైకి ఎవరూ అడగరు, లోపల అందరికీ ఉంటుంది. ఇవి కులాల కళలు. తప్పెట కట్టేవాడు ఫలానా, డప్పు పట్టేవాడు ఫలానా అని ఊరికి తెలుసు. చదువుకున్న పిల్లవాడు తండ్రి డప్పు ముట్టకపోతే అది సిగ్గుమాలినతనం కాదు. ఆ డప్పుతో పాటు తండ్రి మోసిన అవమానం వాడికి గుర్తుంటుంది. కాబట్టి మీ కుల విద్య మీరు కాపాడుకోండని ప్రభుత్వం నాలుగు డబ్బులిస్తే అది పాత బంధాన్నే కొత్త కాగితం మీద రాయడం అవుతుంది. నేర్పే చోటు హైస్కూలు అయితే ఆ గదిలో అన్ని ఇళ్ల పిల్లలూ ఉంటారు, ఆడపిల్లలూ ఉంటారు. ఆ ముసలాయన అక్కడ మాస్టారు అవుతారు. అందరూ ఆయన్ని మాస్టారూ అని పిలిచే రోజున ఆయన మనవడు కూడా ఆ గదిలోకి ధైర్యంగా వస్తాడు.

చెయ్యదగినవి

నా సూచనలు నాలుగు. నాలుగూ చిన్నవే.

ఒకటి, జోడు చందా. ఊరు సంబరం చందాలో నేర్పే పనికి ఎంత తీసిపెడితే సర్కారు అంత కలపాలి. ఊరు పది వేలు తీస్తే పది వేలు, లక్ష తీస్తే లక్ష. ఊరు తన సొమ్ము పెట్టిన చోట దొంగ బృందాలు పుట్టవు. ఎవరు నిజంగా నేర్పుతున్నారో ఊరికి తెలుసు.

రెండు, గురువుకు నెలనెలా జీతం. ఏడాది చివర బిల్లు పెట్టించుకుని, ఆ మీదటి ఏడాది చెల్లించే పద్ధతి వద్దు. ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటి గుమ్మం దగ్గరకు పింఛను తీసుకెళ్లగల ప్రభుత్వం మనది. అంత యంత్రాంగం ఉన్నవారికి ఒక మండలంలో పదిమంది గురువుల జీతం అదే రోజున ఇవ్వడం కష్టమేమీ కాదు.

మూడు, రాత్రి ఆటకు ధర. జిల్లా ఉత్సవాల్లో ఏడాదికి కనీసం ఒకసారైనా, ఒక్కో కళకు ఒక పూర్తి రాత్రి ఇవ్వాలి. పది నిమిషాల ముక్కలు చాలవు. ప్రభుత్వ పథకాల పాటలు కావాలంటే వాటికి వేరే కూలి, వేరే పద్దు ఉండాలి.

నాలుగు, నమోదు. పెద్ద కథకులు ఉండగానే వాళ్ల కథలు మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేసి, వాళ్ల పేరుతోనే గ్రంథాలయంలో పెట్టాలి. వాడుకున్నవాళ్లు వాళ్లకు డబ్బు చెల్లించాలి. మన జానపద బాణీలు సినిమాలకు వెళ్లాయి, కోట్లు సంపాదించాయి. బాణీ పుట్టిన ఊరికి తిరిగి ఏం వచ్చిందో అడిగే హక్కు మనకుంది. ఈ నమోదులో సవర పాటలు, సరిహద్దు ఊళ్ల ఒరియా పాటలు కూడా ఉండాలి. పంతులుగారి పేరు చెప్పుకునే చోట తెలుగుకే పరిమితమైతే ఆయనను సగమే తలచుకున్నట్టు.

వీటిలో మొదటిదానికి సర్కారు ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ సభలో పదిహేను ఇరవై ఊళ్ల సంబరం కమిటీల పెద్దలు కూర్చున్నారు. ఈ ఏడాది చందాలో డీజేకు రాసుకున్న దానిలో పదో వంతు తీసి మీ హైస్కూల్లో ఒక గురువుకు, పదిమంది పిల్లలకు కేటాయించండి. ఆ కాగితం పట్టుకుని కలెక్టరుగారి దగ్గరకు మనం కలిసి వెళ్దాం. మా సగం ఇదిగో, మీ సగం ఏదీ అని అడుగుదాం. వట్టి చేతులతో అర్జీ పెట్టుకోవడం వేరు, సగం సొమ్ము ముందు పెట్టి అడగడం వేరు. వచ్చే ఏడాది ఈ స్మారక సభలో ఉపన్యాసం మొదలుపెట్టే ముందు ఒక లెక్క చదివించమని నిర్వాహకులను కోరుతున్నాను. ఏ ఊళ్లో ఎవరు నేర్పారు, ఎంతమంది పిల్లలు నేర్చుకున్నారు, ఊరు ఎంత ఇచ్చింది, సర్కారు ఎంత కలిపింది. ఆ లెక్కలో సున్నాలుంటే సున్నాలే చదవండి. ఉపన్యాసకుడు ఎవరైనా సరే, ఆ లెక్క విన్న తర్వాతే మాట్లాడాలి.